ట్యూబ్‌లైట్ కింద టమాటా నారు సాగిపోతోంది, స్టోర్ రూమ్ తప్ప వేరే చోటు లేదు

అక్కయ్యపాలెం_అటక
మాది రెండో అంతస్తులో ఫ్లాట్. బాల్కనీకి ఎదురుగా పక్క అపార్ట్‌మెంట్ గోడ, ఎండ ముక్క కూడా పడదు. మిద్దె తాళం అసోసియేషన్ సెక్రటరీ దగ్గర ఉంటుంది. మొక్క అన్న మాట వింటే చాలు, ఆయనకి స్లాబు కారిపోతుందని భయం. అందుకని స్టోర్ రూమ్‌లో బియ్యం డబ్బాలు జరిపి, బల్ల వేసి, ప్రోట్రేలో (చిన్న చిన్న గుంటలుండే నారు ట్రే) టమాటా, వంగ, మిరప పోశాను. గోడకి నాలుగడుగుల ట్యూబ్‌లైట్ ఉంది, పొద్దున లేచింది మొదలు పడుకునే దాకా వెలుగుతూనే ఉంటుంది. టమాటా గింజలు దాదాపు అన్నీ మొలిచాయి. కానీ వారం తిరక్కుండానే కాడలు సన్నగా సాగిపోయి ఒకదాని మీద ఒకటి పడిపోతున్నాయి. మొలకతో వచ్చే రెండాకుల తర్వాత రావాల్సిన అసలు ఆకు జాడే లేదు. వీడియోల్లో ఇదే ట్యూబ్‌లైట్ కింద నారు బొద్దుగా నిలబడి ఉంటుంది. మరి నాకేం రోగం? అక్టోబరు వానలు తగ్గాక పెందుర్తిలో మా అత్తగారి పెరట్లో నాటాలి, ఆవిడ ఇప్పటికే రెండుసార్లు అడిగారు. టెన్షన్‌గా ఉంది.

చోక్_స్టార్టర్
ట్యూబ్‌కి, నారుకి మధ్య దూరం ఎంత?

అక్కయ్యపాలెం_అటక
ట్యూబ్ ద్వారబంధం కన్నా పైన ఉంది. బల్ల మీంచి కొలిస్తే నాలుగున్నర అడుగులు.

చోక్_స్టార్టర్
ఇంకేం, దొంగ దొరికాడు.

ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్ (వెలుతురు కొలిచేది) ఒకటి వేసుకుని, ఫోన్‌ని ట్రే పక్కన వెల్లకిలా పెట్టి చూడండి. నాలుగున్నర అడుగుల కింద రెండు వందలు చూపిస్తే గొప్ప. అదే ఫోన్‌ని ట్యూబ్‌కి బెత్తెడు దూరంలో పెడితే మూడు వేలు దాటుతుంది. గదిలో మనకి అంతా ఒకేలా కనపడుతుంది, ఎందుకంటే కన్ను వెలుతురుకి తగ్గట్టు సర్దుకుంటుంది. మొక్క సర్దుకోలేదు. చీకట్లో ఉన్నాననుకుని వెలుగు కోసం కాడ సాగదీస్తుంది. గింజలో దాచుకున్న తిండంతా ఆ కాడకే అయిపోతుంది, ఇక ఆకు వేయడానికి ఏం మిగులుతుంది?

ట్యూబ్ కిందికి దించండి. ఆకు కొసకి, ట్యూబ్‌కి మధ్య బెత్తెడు చాలు. బల్బులాగా కాల్చదు, ఆకు తగిలినా మాడిపోదు. ఒక్క ట్యూబ్ కన్నా రెండు పక్కపక్కన ఉంటే మంచిది. నాలుగడుగుల ట్యూబ్ కింద రెండు ట్రేలు పొడుగ్గా పడతాయి. రెండు కొసల దగ్గర వెలుతురు తక్కువ కాబట్టి ట్రేలని రోజు మార్చి రోజు తిప్పుతుండాలి.

గాజువాక_గోంగూర
నాలుగున్నర అడుగులా 😂 అది నారుకి కాదండీ, బియ్యం డబ్బాలకి లైటు.

పెందుర్తి_పెరడు
ఏటండీ ఇది. విశాఖపట్నంలో ఉండి ట్యూబ్‌లైట్ కింద నారు పోయడమేటి? మంచు పడే దేశాల్లో వాళ్ళు చేస్తే అర్థముంది. అక్కడ మార్చి దాకా బయట నేల గడ్డకట్టి ఉంటాది. మనకి ఏ నెల లేదు ఎండ? మబ్బు పట్టిన రోజు కూడా మిద్దె మీద పది వేల లక్స్ ఉంటాది, ఆ యాప్‌లోనే చూసుకోండి. మీరు రెండు ట్యూబులు నెత్తి మీద పెట్టుకున్నా అంత రాదు. మా నాన్న పెరట్లో ఎత్తు మడి చేసి, గింజలు వరసల్లో వేసి, పైన ఎండు గడ్డి కప్పేవాడు. మొలక కనపడగానే గడ్డి తీసేసేవాడు. అంతే. కరెంటు లేదు, యాప్ లేదు.

అక్కయ్యపాలెం_అటక
పెరడు లేదనే కదండీ నా ఏడుపు.

సీతమ్మధార_సుజాత
పెందుర్తి గారూ, మీ లెక్క కరెక్టే, కానీ మిద్దె ఉన్నవాళ్ళకి. నాకు మిద్దె ఉంది, అయినా ఆగస్టు నుంచి అక్టోబరు దాకా నారు లోపలే పోస్తాను. బయట పెడితే మొదటి రోజు చీమలు గింజలు మోసుకుపోతాయి. మిగిలినవి మొలిస్తే పావురాలు కొరికేస్తాయి. అవీ తప్పించుకుంటే ఒక్క రాత్రి జడివాన చాలు, ట్రేలో మట్టితో సహా నారంతా డ్రైనేజీలోకి. శీతాకాలం పంటకి నారు పోయాల్సింది సరిగ్గా మనకి వాయుగుండాలు వచ్చే రోజుల్లోనే, అదీ తిరకాసు.

బీచ్‌రోడ్డు_బెండ
+1. సముద్రం గాలి సంగతి కూడా కలపండి. మా ఐదో అంతస్తు బాల్కనీలో లేత నారు పెడితే ఆకు అంచులు మాడతాయి, ఉప్పు. ముదిరిన మొక్క తట్టుకుంటుంది, నారు తట్టుకోదు. 2014లో హుద్‌హుద్ వెళ్ళాక చూశాం కదా, ఊరంతా చెట్లకి మిగిలిన ఆకులు కూడా కాల్చినట్టు గోధుమ రంగుకి తిరిగాయి.

పెందుర్తి_పెరడు
హుద్‌హుద్‌కి ట్యూబ్‌లైట్లూ పోయాయి, కరెంటూ పోయింది. రోజుల తరబడి చీకట్లో ఉన్నాం. అప్పుడేటి చేసేవారు మీ నారుకి?

బీచ్‌రోడ్డు_బెండ
😂 ఒప్పుకున్నా బాబాయ్.

ఉక్కునగరం_రిటైర్డ్
ట్యూబ్ దించమన్నారు బాగానే ఉంది, ఎలా దించాలో ఎవరూ చెప్పలేదు. గోడకున్న పట్టీని (ట్యూబ్ బిగించే ఫ్రేము) కదపొద్దు. వేరే పట్టీ తీసుకోండి. ఇప్పుడు అందరూ ఎల్‌ఈడీకి మారిపోతున్నారు కాబట్టి పాత పట్టీలు చోక్‌తో సహా ఊరికే ఇస్తారు. ఇనుప ర్యాక్ ఉంటే పై అరకి అడుగున దాన్ని బిగించేయండి. అటూ ఇటూ గొలుసుతో వేలాడదీసి ఎత్తు మార్చుకోవచ్చు, కానీ నన్నడిగితే ట్యూబ్‌ని కదపకుండా ట్రేనే లేపడం తేలిక. ట్రే కింద ఇటుకలు పేర్చండి. నారు ఎదిగే కొద్దీ ఒక్కో ఇటుక తీసేస్తుంటే సరి.

ముఖ్యమైన మాట. కింద నీళ్ళ ట్రే, పైన కరెంటు. ఎక్స్‌టెన్షన్ బోర్డు నేల మీదా, బల్ల మీదా పెట్టొద్దు, గోడకి ఎత్తుగా కొట్టండి. ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఉందో లేదో చూసుకోండి, లేకపోతే ముందు అది పెట్టించాక నారు సంగతి. మన ఊరి గాలికి హోల్డర్ పిన్నులు తుప్పు పట్టి ట్యూబ్ మిణుకు మిణుకుమంటుంటుంది. స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, గరుకు కాగితంతో పిన్నులు రుద్దితే చాలాసార్లు సరిపోతుంది.

గాజువాక_గోంగూర
రాత్రి పదింటిదాకా స్టోర్ రూమ్ వెంటిలేటర్‌లోంచి తెల్లటి వెలుగు, లోపల ట్రేలు, ఫ్యాను... ఏజెన్సీ గంజాయి ఇంట్లోనే పండిస్తున్నారని సెక్రటరీ గారు పోలీసులకి ఫోన్ చేస్తే మాకు చెప్పండి, బెయిలుకి చందాలేసుకుంటాం.

అక్కయ్యపాలెం_అటక
అందుకే వెంటిలేటర్‌కి పేపర్ అంటించా. ఇప్పుడు ఇంకా అనుమానంగా ఉంది 😄

సీరియస్‌గా ఒక డౌటు. పద్దెనిమిది గంటలు వేస్తున్నా. ఇరవై నాలుగ్గంటలూ వేస్తే తొందరగా పెరుగుతుందా?

చోక్_స్టార్టర్
వద్దు. టమాటాకి చీకటి లేకపోతే ఆకులు పచ్చదనం పోయి పాలిపోతాయి, మచ్చలు పడతాయి. అది టమాటా జాతికి ఉన్న పట్టింపు. వంగకీ పడదు. పద్నాలుగు నుంచి పదహారు గంటలు చాలు. టైమర్ ప్లగ్ ఒకటి కొనండి, మనం ఊరెళ్ళినా అదే వేసి అదే ఆపుతుంది.

లెక్కల_మాస్టారు
కరెంటు బిల్లు సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి. 36 వాట్ల ట్యూబ్, పాత రాగి చోక్ అయితే అది ఇంకో పది పన్నెండు వాట్లు తింటుంది. 48 అనుకుందాం. పదహారు గంటలకి 0.77 యూనిట్, నెలకి 23. యూనిట్ 6 రూపాయల స్లాబులో ఉంటే 138 రూపాయలు. ఎలక్ట్రానిక్ చోక్ వేస్తే 110, 115కి దిగుతుంది. రెండు ట్యూబులకి దీనికి రెట్టింపు. ఈ యూనిట్ల వల్ల పై స్లాబులోకి జారారా లేదా అన్నది మీ మీటరు చూసి చెప్పాలి. నర్సరీలో నారు కొంటే ఇంతకన్నా చవక అని పెందుర్తి గారు అనబోతున్నారు.

పెందుర్తి_పెరడు
అనబోతున్నా కాదు, అంటున్నా.

సీతమ్మధార_సుజాత
నర్సరీలో ఏ రకం దొరికితే అదే తెచ్చుకోవాలి. నాకు కావల్సింది అర్క రక్షక్. ఆకు ముడత వైరస్, బాక్టీరియా ఎండు తెగులు, ఆకు మాడు మూడింటినీ తట్టుకునే హైబ్రిడ్ అని బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళు విడుదల చేశారు. దాని నారు అడిగితే నర్సరీ ఆయన "టమాటా అండీ, టమాటా" అంటాడు. విత్తనం తెప్పించుకుని మనం పోసుకోవడం తప్ప దారి లేదు.

ఇంకో సంగతి ఇక్కడ ఎవరూ ఎత్తలేదు. వెలుతురు సరి చేసుకున్నాక మీకు ఎదురయ్యేది నారుకుళ్ళు. నిన్న నిటారుగా ఉన్న మొలక పొద్దున్నకి మొదలు దగ్గర నొక్కినట్టు సన్నబడి, నీరుకారి, పక్కకి ఒరిగిపోతుంది. ఒకటి పోతే దాని చుట్టూ ఉన్నవి గుండ్రంగా పోతూ వస్తాయి. ఆ వీడియోల వాళ్ళు ట్రే మీద ప్లాస్టిక్ మూత, కింద వేడి చేసే చాప వాడతారు. వాళ్ళ గది చలిగా, పొడిగా ఉంటుంది కాబట్టి. మన స్టోర్ రూమ్ సెప్టెంబరులో ఎలా ఉంటుందో తెలుసుగా, ఉప్పు డబ్బా తెరిస్తే నీళ్ళు. మన దగ్గర టమాటా, మిరప మొలవడానికి వేడి చాలినంత ఉంది. మూత మొలక తల ఎత్తే వరకే. తర్వాత తీసి పక్కన పడేయండి.

నేను చేసేది: కొబ్బరి పొట్టుని రెండు మూడు నీళ్ళు మార్చి కడిగి పిండి (లేకపోతే అందులో ఉప్పు ఉంటుంది), మూడో వంతు వర్మీకంపోస్టు, కొంచెం ట్రైకోడెర్మా విరిడి (కుళ్ళు తెగుళ్ళని అణిచే మేలు శిలీంధ్రం) కలుపుతా. పైనుంచి నీళ్ళు పొయ్యను. అడుగున పళ్ళెంలో పోస్తే కింద చిల్లుల్లోంచి పీల్చుకుంటుంది, అరగంటకి మిగిలింది పారబోస్తా. పొట్టు పైభాగం రంగు తేలిన తర్వాతే మళ్ళీ నీళ్ళు. టేబుల్ ఫ్యాను దూరంగా, చిన్న స్పీడులో. నారు ఆకు కదలాలి, వంగకూడదు. ఆ కదలిక వల్ల కాడ కూడా లావెక్కుతుంది.

నల్లమట్టి_నాగమణి
ఫ్యాను లేకపోతే రోజూ రెండుసార్లు అరచేత్తో పైపైన నిమరండి అక్కా, అదే పని చేస్తుంది. మా అబ్బాయి స్కూలుకెళ్ళే ముందు నిమిరి వెళ్తాడు. వాడి హోంవర్కు కన్నా శ్రద్ధగా చేస్తాడు.

గాజువాక_గోంగూర
నారుకుళ్ళు వచ్చేస్తే?

సీతమ్మధార_సుజాత
పోయిన మొలకని గుంటలో పొట్టుతో సహా తీసేయాలి. లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మిగతా గుంటల్లో మొదళ్ళు తడిసేలా పోయాలి. అది పోసిన చోట ట్రైకోడెర్మా పనిచేయదు, రెండూ ఒకేసారి వాడి డబ్బు తగలేయకండి. బియ్యం డబ్బాలు ఉన్న గది కాబట్టి మందు కలపడం బయట చేసుకోండి, గ్లౌజులు వేసుకోండి.

ప్రకృతి_ప్రసాదం
మందులెందుకు, జీవామృతం (ఆవు పేడ, మూత్రంతో చేసే ద్రావణం) పలచగా చల్లితే సరిపోతుంది కదా.

నల్లమట్టి_నాగమణి
స్టోర్ రూమ్‌లోనా?? బియ్యం పక్కన జీవామృతం పెడితే మా ఆయన నారుతో పాటు నన్నూ గేటు బయట పెడతారు.

ప్రకృతి_ప్రసాదం
పెరట్లో నాటాక చల్లమన్నా అమ్మా 🙏

టెక్_తోటమాలి
2024 దాటాక కూడా ఫ్లోరోసెంట్ గురించి ఇంత చర్చ ఏంటండీ. 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబ్ 2000 ల్యూమెన్ల వెలుగు ఇస్తుంది, అదంతా కిందికే. ఫ్లోరోసెంట్ వెలుగు చుట్టూ చెదిరిపోతుంది, సగం గోడకి, పైకప్పుకి. పైగా అందులో పాదరసం. 2023లో పాదరసం వాడకం తగ్గించే మినమాటా ఒప్పందం దేశాల సమావేశంలో 2027 కల్లా ఈ ట్యూబుల తయారీ ఆపాలని ఒప్పుకున్నారు. పోయే వస్తువుకి పట్టీ కొనడం దండగ.

ఉక్కునగరం_రిటైర్డ్
కొత్తగా కొనేవాళ్ళకి మీ మాట నూటికి నూరు పాళ్ళు సరి. ఈయన ఇంట్లో ఆల్రెడీ ఉంది, వెలుగుతోంది, దాన్ని ఎందుకు పారేయాలి? పైకి పోయే వెలుగుకి పట్టీ లోపల తెల్ల పెయింటు వేస్తే చాలావరకు కిందికి తిరుగుతుంది. ట్రే చుట్టూ తెల్ల థర్మకోల్ ముక్కలు నిలబెడితే అంచు మొక్కలకి కూడా వెలుతురు తగులుతుంది. అయితే ట్యూబ్ కొసలు నల్లబడి ఉంటే మార్చేయాలి, పాతబడ్డ ట్యూబ్ వెలుగు తగ్గుతూ వస్తుంది, మన కంటికి తెలీదు.

పగిలితే మాత్రం చీపురు పట్టకండి. కిటికీ తెరిచి, ఫ్యాను ఆపి, గదిలోంచి కాసేపు బయటికి వెళ్ళి, తర్వాత అట్టముక్కతో ఎత్తి సీసాలో వేసి మూత పెట్టండి. ఆహార పదార్థాలు ఉన్న గది అని మర్చిపోవద్దు. ఆ ఒక్క విషయంలో ఎల్‌ఈడీయే మేలు, ఒప్పుకుంటా.

బీచ్‌రోడ్డు_బెండ
ఊదా రంగు గ్రో లైట్ అని ఆన్‌లైన్‌లో చవకగా అమ్ముతున్నారు, అవి?

టెక్_తోటమాలి
ఆ చవక రకాల్లో చాలావాటికి పెట్టె మీద రాసిన వాట్లు ఒకటి, గోడలోంచి లాగే వాట్లు ఒకటి. పైగా ఆ రంగులో ఆకు పసుపెక్కిందో లేదో మన కంటికి తెలీదు. నారు వరకైతే 6500 కెల్విన్ అని రాసి ఉండే మామూలు తెల్ల ట్యూబ్ చాలు. పసుపు వెలుగు ట్యూబ్ కన్నా ఇందులో నీలం పాలు ఎక్కువ, నారు కురచగా గట్టిగా వస్తుంది. పూత, కాపు దాకా లోపలే పెంచుతానంటే అది వేరే కథ, వేరే బడ్జెట్.

అక్కయ్యపాలెం_అటక
అప్‌డేట్. పక్కింటివాళ్ళు ఎల్‌ఈడీకి మారి తీసేసిన పట్టీ ఇచ్చారు. రెండు ట్యూబులూ ఇనుప ర్యాక్ మధ్య అరకి అడుగున కట్టాను. ట్రే కింద ఇటుకలకి బదులు మా ఆవిడ పాత పరీక్షల పుస్తకాలు, ప్లాస్టిక్ కవరు చుట్టి. యాప్‌లో 6,200 చూపించింది. మిరప, వంగ బాగానే లేచాయి, మిరపకి మొదటి అసలు ఆకు జత విచ్చుకుంది. ముందే సాగిపోయిన టమాటా మాత్రం అలాగే ఉంది. పీకి మళ్ళీ పోయనా?

నల్లమట్టి_నాగమణి
పీకొద్దు! టమాటాకి కాడ మట్టిలో ఎంత మునిగితే అంత మేర వేర్లు వస్తాయి. పేపర్ గ్లాసుకి అడుగున చిల్లులు పెట్టి, సాగిన మొలకని రెండాకుల కింద దాకా దించి మట్టి నింపండి. ఎత్తేటప్పుడు ఆకు పట్టుకోండి, కాడ నలిగిందంటే అయిపోయినట్టే. మిరప, వంగకి ఈ పని చేయకండి, వాటికి టమాటాలాగా కాడకి వేర్లు రావు.

పెందుర్తి_పెరడు
ఇది మాత్రం మంచి సలహా. మా వాళ్ళు కూడా ముదిరిపోయిన టమాటా నారుని ఏటవాలుగా పడుకోబెట్టి నాటేవారు.

లెక్కల_మాస్టారు
పెందుర్తి గారు ఒక పోస్టుని మెచ్చుకున్నారు. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

అక్కయ్యపాలెం_అటక
ట్రేల మీద చిన్న నల్ల దోమల్లాంటివి ఎగురుతున్నాయి. కుట్టట్లేదు. ఏం చేయాలి?

సీతమ్మధార_సుజాత
నీళ్ళు ఎక్కువవుతున్నాయని అర్థం. వాటి పురుగులు తడి పొట్టులో లేత వేర్లు కొరుకుతాయి. పైన వేలు లోతు ఆరనివ్వండి, పసుపు జిగురు అట్ట ఒకటి ట్రే పక్కన గుచ్చండి. పొట్టులో తిండి ఏమీ ఉండదు కాబట్టి అసలు ఆకులు వచ్చాక వారానికోసారి 19:19:19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్ళలో) లీటరు నీటికి ఒక గ్రాము చాలు. ఎక్కువేస్తే మళ్ళీ సాగుతుంది.

పెందుర్తి_పెరడు
లోపల పెరిగిన నారుని ఒక్కసారిగా మా ఊరి ఎండలో నాటితే మధ్యాహ్నానికి ఆకు తెల్లబడి కూర్చుంటాది, అది చెప్పండి ముందు. మీ ఆరు వేలకి, బయట లక్షకి ఎక్కడ పొంతన? టమాటా, వంగ ఇరవై ఐదు, ముప్పై రోజులకి, మిరప ఇంకో పది రోజులకి నాటుకొస్తాయి. అంతకి వారం ముందే మీ అత్తగారింటికి తెచ్చేసి, మొదట చెట్టు నీడలో, తర్వాత పొద్దుటి ఎండలో రెండు గంటలు, అలాగ పెంచుకుంటూ పోవాలి. నీళ్ళు కూడా తగ్గించాలి. నాటడం సాయంత్రం పూట. ఎలాగూ మా వైపే వస్తున్నారు, షేడ్ నెట్ ముక్క నా దగ్గరుంది, పట్టుకెళ్ళండి.

అక్కయ్యపాలెం_అటక
చాలా థాంక్స్ బాబాయ్. మెసేజ్ చేస్తా.

గాజువాక_గోంగూర
బీర, ఆనప కూడా ఇలాగే ట్యూబ్ కింద పోసుకోవచ్చా?

నల్లమట్టి_నాగమణి
అక్కర్లేదు. వాటికి వేరు కదిలితే అలుగుతాయి, గింజ నేరుగా పెట్టుకోవడమే. మరీ వానల్లో కావాలంటే కాగితం గ్లాసులో మొలిపించి, గ్లాసు అడుగు చింపి, మూడో ఆకు రాకముందే మట్టితో సహా దించేయండి. బెండ, గోంగూర, ముల్లంగికి ట్రే ఊసే వద్దు.

గాజువాక_గోంగూర
నా పేరు పెట్టుకున్నదాన్నే ట్రేలో పోద్దామనుకున్నా, ఆగిపోయా.

చోక్_స్టార్టర్
నా దగ్గర రెండడుగుల పట్టీ ఒకటి ట్యూబ్‌తో సహా ఖాళీగా ఉంది. ఆదివారం పొద్దున సీతమ్మధార రైతు బజారుకి వస్తా, కావల్సినవాళ్ళు చెప్పండి. డబ్బులొద్దు, రెండు వంగ మొక్కలు ఇస్తే చాలు.

బీచ్‌రోడ్డు_బెండ
నాకు కావాలి! ఎన్నింటికి?

చోక్_స్టార్టర్
ఏడు. దానికి ఎలక్ట్రానిక్ చోక్ ఉంది కాబట్టి స్టార్టర్ అవసరం లేదు. సంచీ తెచ్చుకోండి, ట్యూబ్ విడిగా పేపర్‌లో చుట్టి ఇస్తా.